ఆరని పూత

డ్రాయింగు మాస్టారు గది మధ్యలో వెల్లకిలా పడి ఉన్నారు.

కుడిచేతి పక్కన రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్. మూతికి ఉండాల్సిన మాస్కు మెడ మీద ఉంది. తల వెనక దానికి గాలి పంపే కంప్రెసర్. దాని ఇనప కాలు మీద నెత్తురు మరక అప్పటికే నల్లబడింది.

గది చిన్నది. రెండు చేతులూ చాపితే గోడలు తగులుతాయి. ఒకటే కిటికీ. రెక్కలు మూసి, సందుల వెంట టేపు అంటించారు. పైన గోడలో బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగడం లేదు. రంగుల్లో కలిపే థిన్నర్ వాసన ముక్కులోంచి నేరుగా నడినెత్తికెక్కుతోంది.

ఎస్సై గుమ్మంలో నిలబడింది. నిలబడింది అనడం మాటవరసకే. ఆమెకు ఒక కాలు ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీకే ఆయాసం వస్తుందని స్టేషన్లో జోకు. బట్టల్లో చీమ దూరిన మనిషిలా ఉంటుందని వెనకాల అందరూ చీమ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. చీమ కుట్టిన చోట గోక్కోవాలి గానీ, అన్నవాడిని గోకితే ఏం లాభం అనుకుని ఊరుకుంది.

"వాసనకి కళ్ళు తిరిగి పడిపోయుంటారు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఫ్యాన్ ఆగింది. కిటికీ ఉన్నా లేనట్టే. పైగా ఆ బల్ల చూడండి. నాలుగు సీసాలకి మూతల్లేవు. ఆ ఘాటుకి ఏనుగైనా పడుతుంది. పడేటప్పుడు చెయ్యి తగిలి సామాను డబ్బా కూడా ఒలికిపోయింది."

బల్ల మీద చిన్న చిన్న చక్రాలు, సూదిమొనంత స్క్రూలు, రాగితీగ ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప పక్కనే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించి ఉంది. దాని కింద కారు.

ఎస్సై వంగి చూసింది.

తాతల కాలం నాటి రేసు కారు నమూనా. జానెడు పొడవు. పైకప్పు లేదు. ముందుకు చాచిన ముక్కు, ఒంటికి బయట నాలుగు చక్రాలు, ఒక్క మనిషి దిగబడేంత గుంట. చక్రాలకి వెంట్రుకలంత ఊచలు. బానెట్ మీద అడ్డంగా తోలు పట్టీ, దానికి ఆవగింజంత బకిల్. ఒళ్ళంతా చిక్కటి ఆకుపచ్చ. పైన కొట్టిన వార్నిష్ ఇంకా ఆరినట్టు లేదు. వేలు పెడితే అచ్చు పడేలా ఉంది.

అంత తడి ఒంటి మీద ఒక్క నలుసు లేదు.

బయట వరండాలో మాస్టారి భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. కుట్టు వర్క్‌షాపు నుంచి వచ్చి తలుపు తోసి చూసింది ఆవిడే. ఏడవడం లేదు. ఏడుస్తున్నది ఆవిడ తమ్ముడు, మెట్ల మీద. పాతికేళ్ళవాడు, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండలేక అక్క ఇంట్లో ఉంటున్నాడు.

ఎస్సైని చూడగానే లేచాడు.

"నేనే చంపాను మేడమ్. ఫ్యాన్ నేనే ఆపాను."

వరండా గోడ మీదున్న స్విచ్చు చూపించాడు.

అక్క తలతిప్పి తమ్ముడిని చూసింది. ఒకే ఒక్క చూపు. ఆ తర్వాత ఆవైపు మళ్ళీ తిరగలేదు.

* * *

మర్నాడు పొద్దున్నే సర్కిల్ ఇన్స్‌పెక్టర్ ఫోన్.

"నేనే చేశానని వాడే ఒప్పుకుంటున్నాడు. స్విచ్చు మీద వేలిముద్రలు కూడా వాడివే. ఇంకా ఏం వెతుకుతావు? ఆరోగ్యంగా ఉన్న పంటికి కట్టు కట్టించుకోకు. రేపు సాయంత్రానికి ఫైలు నా టేబుల్ మీద ఉండాలి."

"సరే సార్," అంది ఎస్సై. ఫోన్ పెట్టేసి గదిలో అటూ ఇటూ మూడుసార్లు తిరిగింది. ఏదో అడ్డుపడుతోంది. పంటిలో ఇరుక్కున్న పీచులా, నాలుకకి అందుతుంది గానీ వేలికి దొరకదు.

మాస్టారి భార్య తమ్ముడిని పిలిపించింది.

"ఫ్యాన్ ఎందుకు ఆపావు?"

"కోపం వచ్చి."

"ఏం కోపం?"

"ఆ గది నాకిస్తే సెల్‌ఫోన్ రిపేరు పెట్టుకుంటానన్నాను. ముందు నీ బుర్ర రిపేరు చేయించుకో, తర్వాత ఫోన్లు చూద్దువు గానీ అన్నాడు బావ."

"ఎప్పుడు ఆపావు?"

"మధ్యాహ్నం, బయటికి పోతూ."

"ఇదే మొదటిసారా?"

"కాదు మేడమ్. కోపం వచ్చినప్పుడల్లా అదే పని. ఆపగానే బావ బయటికొచ్చి, మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నారా అని రెండు తిట్టి మళ్ళీ వేసుకునేవాడు. నిన్న మాత్రం నేను నిలబడలేదు. మెట్లు దిగి పోయాను."

"ఫ్యాన్ లేకుండా మీ బావ రంగు కొడతాడా?"

"చచ్చినా కొట్టడు." అనేసి నాలుక కరుచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడమ్, మీరు కేసు పెట్టండి, జైల్లో వెయ్యండి. దానికేం లేదు. అక్క నా మొహం చూడటం లేదు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. దాని మొగుణ్ణి చంపిన చేత్తో అన్నమెలా తినను?"

ఎస్సై కాలు ఇంకా గట్టిగా ఆడింది.

ఫ్యాన్ ఆగిన ప్రతిసారీ బయటికొచ్చి వేసుకునే మనిషి నిన్న ఎందుకు రాలేదు?

హాస్పిటల్‌కి ఫోన్ చేసింది. పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పినదాంట్లో ముక్తసరిగా మూడు ముక్కలు: చావుకి కారణం తల వెనక దెబ్బ. మత్తెక్కి పడిపోయేంత థిన్నర్ నెత్తుట్లో లేదు. దెబ్బ తగిలాక కూడా చాలాసేపు ఊపిరి ఉంది.

"వెంటనే తెచ్చుంటే?"

"నిలబెట్టేవాళ్ళమేమో మేడమ్. ఎవరు తెస్తారు? ఇంట్లో ఎవరూ లేరటగా."

* * *

మాస్టారి భార్య రంగుల గది తాళం తీసింది. లోపలికి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఈ కారు ఎలా చేశారో చెప్పమ్మా. మొదట్నుంచీ చెప్పు. నాకు బొమ్మంటే తిరునాళ్ళలో కొన్న బొమ్మే తెలుసు."

ఆవిడ గుమ్మంలోంచే కారు వైపు చూసింది.

"కొన్నప్పుడు ఎర్రగా ఉండేదండీ, మిఠాయి పొట్లంలాగా. అడుగున రివెట్లు డ్రిల్లుతో తొలిచి ముక్కలుగా విప్పేశారు. ఫ్యాక్టరీ రంగు మొత్తం ఊడదీసి, లోహం తెల్లగా కనపడేదాకా రుద్దారు. ప్లాస్టిక్ చక్రాలు పారేశారు. ఆ ఊచల చక్రాలు ఒక్కోటీ అల్లడానికి వారం పట్టింది. ఇంజనుకి రాగితీగలు. బానెట్ మీద పట్టీ కోసం నా హ్యాండ్‌బ్యాగ్ కోసేశారు. కొత్తది కొంటానన్నారు. పాత ఫొటోలు ముందేసుకుని, అసలు కారుకి ఆ ఆకుపచ్చ ఎండలో ఎలా ఉండేదో నీడలో ఎలా ఉండేదో అని ఆయన గొణుక్కుంటుంటే, పక్కన నేనొక మనిషినున్నానని కూడా గుర్తుండేది కాదు."

"చివరి పూత కొట్టేటప్పుడు మీరుండేవారా?"

"ఆదివారమైతే ఉండేదాన్ని. ముందు నేల తడపాలి, దుమ్ము లేవకుండా. ఫ్యాన్ వెయ్యాలి. ఊపిరి బిగబట్టాలి. చిన్న చిన్న ముక్కలు నాచేత కూడా కొట్టించేవారు. నా చెయ్యి కుదురుగా ఉంటుందనేవారు, మిషను తొక్కే చెయ్యి కదా."

"కొట్టాక?"

"తడి కారు తిన్నగా ఆ జాలీ అల్మారాలోకి పోతుంది. లోపల బల్బుంది, వెచ్చగా ఆరుతుంది. తర్వాత గన్, అదే ఆ ఎయిర్‌బ్రష్, కడుగుతారు. అన్నం చల్లారిపోయినా సరే, గన్ కడిగాకే లేస్తారు. కడక్కపోతే వార్నిష్ గడ్డకట్టి సూది బిగిసిపోతుంది."

ఎస్సై ఎవిడెన్సు సంచిలోంచి ఎయిర్‌బ్రష్ తీసి చూసింది. చిన్న కప్పులో సగానికి వార్నిష్. రాయిలా గడ్డకట్టి ఉంది.

అల్మారా తెరిచింది. ఖాళీ. బల్బు మాత్రం వెలుగుతోంది.

"డబ్బా బోర్లించి ఆరబెట్టడం ఎప్పుడైనా చూశారా?"

"లేదండీ. అల్మారా ఉండగా డబ్బా ఎందుకు?"

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"మా వాడికి వాసన పడదు, గుమ్మం కూడా తొక్కడు. కింద వాటాలో ఇంటి ఓనరు పెద్దాయన చప్పుడు మీద పోట్లాటకి వస్తాడు. ఇంకెవరండీ, షోకేసు గారు."

"షోకేసు గారా?"

"ఆయన ఇల్లంతా గాజు బీరువాలేనండీ, అన్నిటినిండా కార్లే. ఈయనకి స్నేహితుడు. ఈయన చేసిన నాలుగు కార్లు చూసిస్తానని తీసుకెళ్ళారు. అవే ఎగ్జిబిషన్లలో పెట్టారు. కప్పులూ అవీ వచ్చాయి."

"కప్పుల మీద ఎవరి పేరు?"

ఆవిడ చెంగు చివర వేలికి చుట్టుకుంది. "ఎవరి బీరువాలో ఉంటే వాళ్ళవే అనుకుంటుంది కదండీ లోకం. ఈయన నవ్వేసేవారు. చేసే సరదా నాది, చూపించుకునే సరదా ఆయనది అనేవారు. ఈసారే ఎందుకో... కారు అడుగున తన పేరు చెక్కారు. వచ్చే ఎగ్జిబిషన్లో నేనే పెడతానని షోకేసు గారికి ఫోన్ చేసి చెప్పారు కూడా."

"మీ తమ్ముడితో మాట్లాడారా?"

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"వాడు కావాలని చేశాడనుకోనండీ. కానీ వాడిని చూస్తే ఆ స్విచ్చు కనపడుతోంది. వాడిని నమ్మితే ఆయనకి ద్రోహం, నమ్మకపోతే మా అమ్మకి ద్రోహం. మీరే ఏదో ఒకటి తేల్చండి. ఏదైనా సరే. ఇలా నడిమధ్యన నిలబడలేను."

* * *

కింద వాటా పెద్దాయన రెండు చెవుల్లోంచీ దూది తీసి మాట్లాడాడు.

"చచ్చినవాడి గురించి చెడ్డ చెప్పకూడదు. కానీ తల్లీ, ఆ కంప్రెసర్ నా నెత్తిన నాలుగేళ్ళు విరగదున్నింది."

"నిన్న ఏం వినపడింది?"

"ఫ్యాన్ ఆగింది. హమ్మయ్య అనుకుని నడుం వాల్చాను. పైన ఏదో మాటామాటా పెరిగింది. బావా బావమరుదులే కదా, రోజూ ఉండే భాగోతమే అనుకున్నాను. దబ్‌మని ఒక చప్పుడు. బీరువా పడిందేమో అనుకున్నాను. కాసేపటికి గలగలమని, గోలీలు గుమ్మరించినట్టు. ఆ తర్వాత గప్‌చిప్. హాయిగా నిద్ర పట్టింది." చివరి మాట తనకే బాగోలేదనిపించి తల దించుకున్నాడు.

"ఆగండి పెద్దాయనా. ముందు గోలీలా, ముందు దబ్బా?"

"ముందు దబ్బు. తర్వాతే గోలీలు. నాకు సరిగ్గా గుర్తుంది, అప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆ గలగలకి మళ్ళీ మెలకువొచ్చింది."

"మాటలు బావమరిదివేనా? గొంతు గుర్తుపట్టారా?"

"చెవుల్లో దూది పెట్టుకున్నవాడికి గొంతేమిటమ్మా, గోలే."

మెట్లెక్కుతూ హెడ్ గొణిగాడు. "మేడమ్, పెద్దాయన మాటతో బావమరిది మెడకి ఉచ్చు ఇంకా బిగిసింది. గొడవ కూడా అయిందంటున్నాడు."

"గొడవైంది హెడ్డుగారూ. ఎవరితో అన్నదే తెలియాలి. బావమరిది మెట్లు దిగినప్పుడే కదా ఫ్యాన్ ఆగింది. గొడవ ఫ్యాన్ ఆగాక మొదలైంది."

హెడ్ ఒక మెట్టు మీదే ఆగిపోయాడు. ఆమె అప్పటికే పైనుంది.

* * *

షోకేసు తన ఇంటి ముందు ఎస్సై చేతా హెడ్ చేతా చెప్పులు విప్పించాడు. తర్వాత కాళ్ళు తుడుచుకోమని ఒక గుడ్డ, చేతులు తుడుచుకోమని ఇంకో గుడ్డ ఇచ్చాడు. తెల్లటి బట్టలు, తెల్లటి జుట్టు, కడిగిన గాజుగ్లాసులాంటి మనిషి.

"మాస్టారి కారుకేమీ కాలేదు కదా?" అని అడిగాడు ముందుగా.

"లేదు. భద్రంగా ఉంది."

"అమ్మయ్య." అప్పుడు గుర్తొచ్చినట్టు, "ఆవిడెలా ఉంది పాపం?" అన్నాడు.

హాలు నిండా గాజు బీరువాలు. ఒక్కో అరలో ఒక్కో కారు, ఒక్కో కారు మీద ఒక్కో చిన్న దీపం. అన్నిటికన్నా పైన ఉన్న అరలో నాలుగు. వాటి వెనకాల కప్పులు. మిగతావాటికీ ఆ నాలుగింటికీ తేడా కనిపెట్టడానికి పోలీసు కన్ను అక్కర్లేదు. మిగతావి కార్ల బొమ్మలు. ఆ నాలుగూ చిన్నవైపోయిన కార్లు.

"అన్నీ మీరే చేశారా?"

"ఆఁ... నాది, మాస్టారిది ఒకే చెయ్యి అనుకోండి. అన్నదమ్ముల్లాంటివాళ్ళం."

"ఆయన గదికి ఎప్పుడు వెళ్ళారు కడసారి?"

"పది రోజులైందేమో. ఆ బావమరిది నోరు మంచిది కాదు, అందుకే వెళ్ళడం తగ్గించాను."

కిటికీ పక్కన పనిబల్ల. దాని మీద ఒక గాజుగిన్నె బోర్లించి ఉంది. కింద ఏదో పసుపుపచ్చ కారు పైభాగం, తళతళలాడుతోంది. ఎస్సై గిన్నె వైపు చెయ్యి చాచింది.

"అయ్యయ్యో, ముట్టుకోకండి. పొద్దున్నే పూత కొట్టాను. ఒక్క నలుసు పడిందా, ఇక అంతే. మొత్తం రుద్ది మళ్ళీ మొదలెట్టాలి."

గిన్నె అంచు బల్లకి ఆనలేదు. నాలుగువైపులా నాలుగు రబ్బరు ముక్కలు. వాటి మీద నిలబడింది.

"ఇవెందుకు?"

"గాలాడాలి కదండీ. పూర్తిగా మూసేస్తే ఆవిరి లోపలే తిరిగి వార్నిష్ మసకేస్తుంది. ఆ కాస్త సందు ఇస్తేనే అద్దంలా ఆరుతుంది. ఇది నా పద్ధతి. మాస్టారు నవ్వేవారు, నాకు అల్మారా ఉంది కదయ్యా అని."

ఆమె కాలు ఆడటం ఆగింది.

హెడ్ అది చూశాడు. పన్నెండేళ్ళ సర్వీసులో, మేడమ్ కాలు ఆగడం అతను ఇంతకుముందు ఒక్కసారే చూశాడు. ఆ రోజు ఒకడికి బేడీలు పడ్డాయి.

బయటికి రాగానే ఆమె ఫోన్ తీసి, మాస్టారి గదిలో తీసిన ఫొటోల్లో ఒకదాన్ని పెద్దది చేసింది. బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా. దాని అంచు కింద నాలుగు మూలలా చిన్న గుండ్రటి నీడలు.

"హెడ్డుగారూ, రేపు మధ్యాహ్నానికి అందర్నీ మాస్టారి గదికి రమ్మనండి. ఒక గోనెపట్టా తెండి. ఎంత దుమ్ముంటే అంత మంచిది."

* * *

మర్నాడు పొద్దుట్నుంచీ గాలి. వీధిలో కాగితాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. సర్కిల్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎస్సై రెండుసార్లూ తీయలేదు.

రంగుల గదిలో మాస్టారి భార్య ముక్కుకి మాస్కు కట్టుకుని కూర్చుంది. ముందర ఇంకో కారు పైభాగం. తర్వాత చేద్దామని మాస్టారు నీలం రంగు వేసి పక్కన పెట్టుకున్నది. దాని మీద వార్నిష్ కొడుతోంది. చెయ్యి నిజంగానే కుదురుగా ఉంది.

"ఇది దేనికండీ?" అని పొద్దున అడిగింది.

"ఒక మనిషి చేతులు ఎటు పోతాయో చూడాలమ్మా," అంది ఎస్సై. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

పూత అయింది. తడి నీలం బల్ల మధ్యలో మెరుస్తోంది. దాని పక్కన ఆ ప్లాస్టిక్ డబ్బా, మళ్ళీ సామాను నింపి పెట్టి ఉంది. వెనక వరసగా రంగు సీసాలు, అన్నిటికీ మూతలు బిగించి ఉన్నాయి.

పెద్దాయన వచ్చాడు. షోకేసు వచ్చాడు. కానిస్టేబుల్ వెంట తమ్ముడు వచ్చి గుమ్మం బయటే, అక్కకి కనపడకుండా నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది ఎస్సై. "ఇవాళ వాసన భరించాల్సిందే."

కానిస్టేబుల్ వరండాలోనే ఆగాడు. ఇరుకు గదిలో అందరూ గోడలకి అతుక్కుని నిలబడ్డారు. ఎస్సై బయటికి చెయ్యి చాచి స్విచ్చు ఆపింది. ఫ్యాన్ నెమ్మదించి, గొణిగి, ఆగిపోయింది.

"మాస్టారు ఎలా పోయారో ఒకసారి ఆడి చూద్దాం," అంది. "హెడ్డుగారూ, ఆయన పడ్డచోట ఆ పట్టా పరవండి."

హెడ్ గోనెపట్టా అందుకున్నాడు. పరిచే ముందు, ఇంటి ఇల్లాలు గుడ్డ దులిపినట్టు, రెండు చేతులా పట్టి గట్టిగా దులిపాడు.

గది మసకబారింది.

పెద్దాయన తుమ్మాడు. తిట్టాడు. మళ్ళీ తుమ్మాడు. తమ్ముడు చొక్కా మూతికి కప్పుకుని దగ్గుతూ తలుపు వైపు తిరిగాడు. మాస్టారి భార్య కళ్ళు మూసుకుంది.

షోకేసు బల్ల దగ్గరికి వచ్చేశాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఎడమచేత్తో ప్లాస్టిక్ డబ్బా ఎత్తి, లోపలి సామానంతా గలగలమని బల్ల మీద గుమ్మరించాడు. నీలం ముక్క మీద డబ్బా బోర్లించాడు. ఇంకో చేత్తో సీసాల మూతలు తిప్పి తీశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. డబ్బా అంచు ఎత్తి, ఒక్కో మూలకీ ఒక్కో మూత దూర్చాడు. అప్పటికి గానీ ఊపిరి వదల్లేదు.

దుమ్ము నెమ్మదిగా కిందికి దిగింది. బల్ల మీద కుప్పగా చక్రాలు. మూతల్లేని నాలుగు సీసాలు. బోర్లించిన డబ్బా.

మొన్న సాయంత్రం ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది బల్ల.

"అదే... అదే చప్పుడు," అన్నాడు పెద్దాయన. "గోలీలు."

షోకేసు తన చేతులు చూసుకున్నాడు.

ఎస్సై గొంతు పెంచలేదు. "నాలుగు సీసాలు మూతల్లేకుండా ఉంటే మాస్టారి అజాగ్రత్త అనుకున్నాం. మూతలు ఎక్కడికి పోయాయని ఒక్కరమూ వెతకలేదు. డబ్బా కింద ఉన్నాయి. సామాను ఒలికిపోతే మాస్టారు పడుతూ తగిలారనుకున్నాం. కానీ పెద్దాయన విన్నది ముందు మనిషి పడ్డ చప్పుడు, తర్వాత సామాను ఒలికిన చప్పుడు. పడ్డ మనిషి లేచి డబ్బా గుమ్మరించడు కదా."

"నేను... ఇది అలవాటు. దుమ్ము చూస్తే ఎవరైనా..."

"ఎవరైనా కాదండీ. ఇక్కడ ఆరుగురం ఉన్నాం. ముక్కు మూసుకున్నవాళ్ళం కొందరం, కళ్ళు మూసుకున్నవాళ్ళం కొందరం. కారు మూసింది మీరొక్కరే."

ఎస్సై బోర్లించిన డబ్బాని వేలితో చూపించింది.

"మాస్టారు తానే మూసి ఉంటే గన్ కడిగి ఉండాలి. గన్‌లో వార్నిష్ గడ్డకట్టి ఉంది. అసలు ఆయన మూయరు, ఆయనకి అల్మారా ఉంది. మాస్కు మెడ మీద ఉంది. రంగు కొట్టే మనిషి మాస్కు ఎందుకు దించుతాడు? ఎదురుగా ఎవరో వచ్చి మాట్లాడితే దించుతాడు. ఫ్యాన్ ఆగగానే, బావమరిదిని తిట్టడానికి తలుపు తీశారు. గుమ్మంలో ఉన్నది బావమరిది కాదు."

షోకేసు నుదుటి మీద చెమట. తుడుచుకోవడానికి జేబులో గుడ్డ కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"ఎందుకు వెళ్ళారు?"

"అడగడానికి." గొంతు పీలగా వచ్చింది. "ఈ ఒక్కసారికీ ఆ పేరు చెరిపెయ్యమని. నలుగురూ నన్ను చూస్తారు. ఇన్నాళ్ళూ చేసింది నేను కాదని తెలిస్తే ఆ హాల్లో ఎలా నిలబడను? కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఆయన నవ్వాడు. ఆయనెప్పుడూ నవ్వుతాడు. తోశాను. అంతే. తోశానంతే."

"పడ్డాక ఊపిరి ఉందా?"

షోకేసు డబ్బా అంచు కింద ఒక మూతని సర్దాడు.

"మిమ్మల్నే."

"ఉంది. మూలిగాడు."

"మీ జేబులో ఫోన్ ఉందా అప్పుడు?"

"ఉంది."

"మరి?"

షోకేసు బల్ల వైపు చూశాడు.

"ఫ్యాన్ ఆగిపోయింది కదండీ," అన్నాడు. "తడిపిన నేల అప్పటికే ఆరిపోయింది, ఆయన పడ్డప్పుడు దాని మీది దుమ్మంతా లేచింది. కారు తడిగా ఉంది. అంత మంచి పూత ఆయన జన్మలో కొట్టలేదు. పాడైపోతుందని... ముందు అది చూశాను. తర్వాత భయమేసింది. వెళ్ళిపోయాను."

మాస్టారి భార్య గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. మిషను మీద దారం తెగినట్టు.

"వినమ్మా," అంది ఎస్సై, ఆవిడ వైపు తిరిగి. మాట ఆవిడకి చెబుతున్నా, అది చేరాల్సింది తలుపు దగ్గరున్నవాడికి. "ఆయన వాసనకి పోలేదు. ఫ్యాన్‌కీ చావుకీ సంబంధం లేదు. డాక్టరు రాసిచ్చాడు. మీవాడు స్విచ్చు ఆపాడు, ఆకతాయితనం. మీ ఆయన తలుపు తీసుకుని బయటికి వస్తున్నాడు, వాడి చెవి మెలెయ్యడానికి. అంతే. అక్కడితో అయిపోయేది."

తమ్ముడు గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. ఆవిడ ఇంకా అటు చూడలేదు.

హెడ్ షోకేసు చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఎదురు తిరగలేదు. గుమ్మం దాకా నడిచి ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఆ నీలం ఇంకా ఆరలేదమ్మా," అన్నాడు, బతిమాలుతున్నట్టు. "రేపు పొద్దుటిదాకా మూత తియ్యకండి."

మెట్ల మీద ముగ్గురి అడుగులు, వెనక పెద్దాయన తుమ్ము వినపడ్డాయి. ఎస్సై ఫోన్ మళ్ళీ మోగింది. తీసి, "ఫైలు రావడం లేదు సార్, మనిషి వస్తున్నాడు," అని చెప్పి పెట్టేసింది. ఆమెకి వెళ్ళిపోవాలనే ఉంది. కాళ్ళు కదల్లేదు.

మాస్టారి భార్య బల్ల దగ్గరికి నడిచింది. డబ్బా రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది. నాలుగు మూతలూ ఏరి ఏ సీసాది ఆ సీసాకి బిగించింది. తడి నీలం బోసిగా, మెరుస్తూ బల్ల మీద మిగిలింది. దాని మీద అప్పుడే ఒక నలుసు వాలింది. ఆవిడ దాన్ని చూసింది, తియ్యలేదు.

"ఒరేయ్," అంది.

తమ్ముడు తలెత్తాడు.

"ఆ కిటికీ టేపు పీకు. గాలి రానీ."

వాడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. టేపు కొస కోసం గోటితో తడుముకున్నాడు. కొస దొరకడం లేదు.

"అక్కడ కాదు," అంది అక్క, వెనకాలే వచ్చి నిలబడి. "పైనుంచి."